ఖుర్ఆన్ అనితరసాధ్యమన్న విశ్వాసం దేని మీద నిలిచి ఉంది?

అన్వేషి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ముస్లిమును కాను. వేర్వేరు మతాల తత్త్వాన్ని శ్రద్ధగా చదువుకునే పాఠకుణ్ణి. ఇస్లాం గురించి చదువుతున్నప్పుడు ఒక విషయం దగ్గర నా చదువు పదే పదే ఆగిపోతున్నది. మూసా (మోషే) ప్రవక్త చేతికర్ర పాముగా మారిందని, ఈసా (యేసు) ప్రవక్త పుట్టుగుడ్డివారికి చూపునిచ్చారని ముస్లిములు నమ్ముతారు. అయితే ముహమ్మద్ ప్రవక్తకు లభించిన ప్రధాన మహిమ ఏదని అడిగితే, అది ఒక గ్రంథమని, ఆ గ్రంథం తన సత్యానికి తానే సాక్ష్యమని చెబుతారు. మానవమాత్రులెవరూ దానివంటిదాన్ని రచించలేరన్న ఈ సిద్ధాంతాన్ని పండితులు ఇఅజాజ్ అని వ్యవహరిస్తారని తెలుసుకున్నాను.

ఆ మహిమ గ్రంథంలో ఎక్కడ ఉన్నదని అడిగినప్పుడు మాత్రం ఒకదానితో ఒకటి పొసగని సమాధానాలు వినిపిస్తున్నాయి. భాషలో ఉన్నదని కొందరు, భవిష్యత్తును ముందే చెప్పడంలో ఉన్నదని మరికొందరు అంటారు. ఆధునిక విజ్ఞానశాస్త్రం కనుగొన్న సంగతులు అందులో ముందే ఉన్నాయని ఉపన్యాసకులు చెబుతారు. పదాల లెక్కల్లో ఉన్నదనే వారు కూడా ఉన్నారు. నాకు అరబీ రాదు. ప్రపంచంలోని ముస్లిములలో అత్యధికులకు కూడా అది మాతృభాష కాదు. అలాంటప్పుడు, ఒక భాష తాలూకు సౌందర్యం మీద ఆధారపడిన మహిమను ఆ భాష తెలియని విశ్వాసి ఏ ఆధారంతో నమ్ముతాడు? ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలని ఉంది. మనుషులకు ఆ శక్తి సహజంగానే లేదని పండితుల భావమా, లేక శక్తి ఉన్నా దేవుడు దాన్ని అడ్డుకున్నాడని భావమా? వాదానికి దిగాలన్న ఉద్దేశం నాకు లేదు. ఈ విశ్వాసాన్ని దాని లోపలి నుంచి అర్థం చేసుకోవాలన్నదే నా కోరిక.

అరబీ పాఠకుడు

అన్వేషి గారూ, మీ ప్రశ్నకు మూలం ఖుర్ఆన్‌లోనే ఉన్నది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. మక్కావాసులు ముహమ్మద్ ప్రవక్త (స, అంటే ఆయనకు శాంతి కలుగుగాక)ను ఏయే మహిమలు చూపమని అడిగారో 17వ సూరాలో (అధ్యాయంలో) 90 నుంచి 93 వరకు ఉన్న వాక్యాలు చెబుతాయి. నేలలోంచి ఊట పుట్టించమన్నారు, ఖర్జూరాలూ ద్రాక్షలూ పండే తోటను చూపమన్నారు, ఆకాశాన్ని ముక్కలు చేసి తమ మీద పడవేయమన్నారు, పైకి ఎక్కి తాము చదువుకోగలిగే పుస్తకం ఒకటి దింపుకొని రమ్మన్నారు. ఆ కోరికలన్నిటికీ వచ్చిన జవాబు ఒక్కటే: నేను సందేశం తెచ్చిన మనిషిని తప్ప మరేమిటి? 29వ సూరా 51వ వాక్యం మరింత సూటిగా, వారికి చదివి వినిపిస్తున్న ఈ గ్రంథాన్ని నీ మీద అవతరింపజేయడం వారికి చాలదా అని ప్రశ్నిస్తుంది. చంద్రుడు చీలడం వంటి ఇతర మహిమలు కూడా సంప్రదాయంలో ఉన్నాయి. కాని ప్రవక్త పదవికి ప్రధాన రుజువుగా గ్రంథాన్ని నిలబెట్టే ఆలోచన తరువాతి పండితులు కల్పించినది కాదనీ, అది గ్రంథంలోనే ఉన్నదనీ గమనించాలి.

ఆ రుజువు సవాలు రూపంలో వచ్చింది. మనుషులూ జిన్నులూ (కంటికి కనబడని జీవులూ) అందరూ ఏకమై ఒకరికొకరు తోడ్పడినా ఇలాంటి ఖుర్ఆన్‌ను తేలేరని 17వ సూరా 88వ వాక్యం ప్రకటిస్తుంది. 11వ సూరా 13వ వాక్యం, ఇది కల్పితమని మీరనుకుంటే ఇలాంటి పది సూరాలను కల్పించి తెండి అంటుంది. 10వ సూరా 38వ వాక్యంలోనూ, మదీనాలో అవతరించిన 2వ సూరా 23వ వాక్యంలోనూ ఆ పది కాస్తా ఒక్క సూరాకు తగ్గింది. ఖుర్ఆన్‌లోని 114 సూరాలలో అతి చిన్నదైన 108వ సూరాలో మూడే వాక్యాలు ఉన్నాయి. కాబట్టి సవాలు చేయబడినవారి ముందున్న పని పరిమాణంలో చాలా చిన్నది. పైగా ఆ సమాజంలో కవిత్వం అలంకారప్రాయమైన వ్యాసంగం కాదు. తెగ గౌరవం, తెగల మధ్య పగ, పూర్వుల చరిత్ర అన్నీ కవి నోటనే నిలిచేవి. మూసా కాలంలో ఇంద్రజాలం, ఈసా కాలంలో వైద్యం, ముహమ్మద్ (స) కాలంలో వాగ్ధాటి ప్రబలంగా ఉన్నందువల్ల ఆయా కాలాలకు తగిన మహిమే ఆయా ప్రవక్తలకు లభించిందని 9వ శతాబ్దపు రచయిత జాహిజ్ వివరించాడు. ఆ వివరణ నేటికీ ముస్లిముల నోట వినిపిస్తూనే ఉంటుంది.

ఇక మహిమ భాషలో ఎక్కడ ఉన్నదన్నది అసలు విషయం. నా దృష్టిలో దీనికి అత్యంత లోతైన సమాధానం చెప్పినవాడు 11వ శతాబ్దంలో కాస్పియన్ సముద్ర తీరానికి దగ్గరలోని జుర్జాన్‌లో జీవించిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ. ఆయన స్వయంగా పారసీక దేశంవాడు, వృత్తిరీత్యా వ్యాకరణవేత్త. ఖుర్ఆన్ వాడిన పదాలన్నీ అరబ్బులకు ముందునుంచీ తెలిసినవే కనుక మహిమ పదాల్లో ఉండజాలదనీ, విడి భావాలు ఎవరికైనా తట్టవచ్చును కనుక వట్టి భావాల్లోనూ ఉండజాలదనీ ఆయన వాదించాడు. మిగిలింది కూర్పు. దానినే ఆయన నజ్మ్ అన్నాడు. ఏ పదం ముందు రావాలి, ఏది వెనుక నిలవాలి, ఏది బయటికి చెప్పాలి, ఏది చెప్పకుండా వదలాలి, కర్త కనిపించాలా మరుగున ఉండాలా అన్న వ్యాకరణపరమైన ఎంపికలన్నీ కలిసి భావానికి ఇచ్చే ఆకృతి అది.

ఆయన విశ్లేషించిన ఒక వాక్యాన్ని దగ్గరగా చూపిస్తాను. నూహ్ (నోవహు) ప్రవక్త కాలపు జలప్రళయం ముగిసిన ఘట్టమది, 11వ సూరా 44వ వాక్యం. ‘వ ఖీల యా అర్దుబ్లఈ మాఅకి వ యా సమాఉ అఖ్లిఈ వ గీదల్ మాఉ వ ఖుదియల్ అమ్రు వస్తవత్ అలల్ జూదియ్యి...’ దీని భావం ఇది: ‘ఓ నేలా, నీ నీటిని మింగు, ఓ ఆకాశమా, ఆపు అని పలకబడింది. నీరు ఇంకిపోయింది, పని ముగిసింది, అది జూదీ (కొండ) మీద నిలిచింది. దుర్మార్గ జనం తొలగిపోవుగాక అని పలకబడింది.’ ఇందులో ‘మింగు’ అన్న పదాన్ని విడిగా తీసి, ముందూ వెనుకా ఉన్నవాటితో సంబంధం లేకుండా చూడండి, వాక్యంలో ఉన్నప్పుడు కలిగిన ఉదాత్తత దానిలో కనిపిస్తుందా అని జుర్జానీ అడుగుతాడు. కనిపించదు. నేలను ప్రాణమున్నదానిలా పిలవడం, ఆ పిలుపు వెంటనే ఆజ్ఞ రావడం, ‘నీటిని’ అని ఊరుకోక ‘నీ నీటిని’ అనడం, తరువాత ఆకాశాన్ని కూడా అలాగే పిలిచి దానికి తగిన ఆజ్ఞను దానికివ్వడం, ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకొని నిలిచాయి. ఆపైన వచ్చే క్రియలో కర్త లేడు. నీరు తనంతట తాను ఇంకలేదనీ, ఆజ్ఞాపించినవాడి ఆజ్ఞ వల్లనే ఇంకిందనీ ఆ కర్మణి రూపం తెలుపుతుంది. చివరికి ‘నిలిచింది’ అన్నప్పుడు ఓడ పేరు కూడా లేదు. ఘట్టం అంత గంభీరమైనప్పుడు పేరు చెప్పవలసిన అవసరం కలగదు. వాక్యం మొదట్లో ఉన్న ‘పలకబడింది’ అన్న మాటే చివర్లోనూ వస్తుంది. ఆజ్ఞ ఇచ్చినవాడెవరో ఎక్కడా చెప్పలేదు, అయినా ఎవరో తెలియని శ్రోత ఉండడు.

జుర్జానీ పద్ధతిలో నాకు నచ్చేది ఆయన ‘అద్భుతంగా ఉంది’ అని చెప్పి ఊరుకోకపోవడం. ఒక మాట బాగున్నదని అనిపిస్తే ఆ బాగుకు చూపగలిగిన కారణం తప్పక ఉంటుందనీ, దాన్ని వెతికి చెప్పడమే విద్వాంసుడి పని అనీ ఆయన పట్టుదల. అందుకే భక్తి పేరిట కవిత్వాన్నీ వ్యాకరణాన్నీ చులకన చేసేవారిని ఆయన తన గ్రంథారంభంలోనే గట్టిగా మందలిస్తాడు. అరబ్బుల కవిత్వం తెలియనివాడికి ఖుర్ఆన్ దాన్ని ఎక్కడ దాటిందో తెలిసే దారే లేదన్నది ఆయన వాదం.

తర్కప్రియ

పై సమాధానం నాకు చాలా నచ్చింది. జుర్జానీ విశ్లేషణను ప్రపంచంలోని ఏ సాహిత్య విమర్శకుడైనా గౌరవిస్తాడు. అయినప్పటికీ నాకు కొన్ని సందేహాలు మిగిలి ఉన్నాయి. వాటిని గౌరవంతోనే చెబుతున్నాను.

ఒక రచన గొప్పదని చూపడం వేరు, అది మానవసాధ్యం కాదని చూపడం వేరు. జుర్జానీ విశ్లేషణ మొదటిదాన్ని సంపూర్ణంగా చూపుతుంది. అక్కడి నుంచి రెండవదానికి వెళ్లే మెట్టు ఏది? ప్రతి భాషలోనూ తరువాతివారు అందుకోలేకపోయిన కవులున్నారు. మరెవరూ వారిలా రాయలేదన్నంత మాత్రాన వారి రచనలను దైవప్రోక్తాలని అనుకోము.

రెండవ సందేహం తీర్పరి గురించి. 1013లో మరణించిన పండితుడు బాఖిల్లానీ ఇదే విషయం మీద రాసిన గ్రంథంలో, ఇస్లాంకు పూర్వపు మహాకవి ఇమ్రుల్ ఖైస్ రాసిన ప్రసిద్ధ కావ్యాన్ని పాదం పాదంగా తీసుకొని లోపాలు ఎత్తిచూపాడు. లోపాలు వెతకాలని కూర్చున్నవాడికి ఏ కావ్యంలోనైనా దొరుకుతాయి. ఖుర్ఆన్ విషయంలో మాత్రం విశ్వాసి అయిన విమర్శకుడు ముందే ముగింపు తెలిసి చదువుతాడు. అంతేకాక, 8వ శతాబ్దంలో సీబవైహి మొదలైనవారు అరబీ వ్యాకరణాన్ని క్రోడీకరించినప్పుడు ఖుర్ఆన్‌నే ఒక ప్రమాణంగా తీసుకున్నారు. కొలబద్ద దాని నుంచే తయారైన తరువాత ఆ కొలబద్దతో దాన్ని కొలిచి సాటిలేనిదని చెప్పడంలో నిష్పక్షపాతం ఎంత ఉంటుంది?

సవాలుకు ఎవరూ జవాబు చెప్పలేదన్న సమాచారం కూడా గెలిచినవారి గ్రంథాల ద్వారానే మనకు అందిందన్నది మరొక సంగతి.

ధార్మిక విద్యార్థి

అస్సలాము అలైకుం. తర్కప్రియ గారు లేవనెత్తిన ప్రశ్నలు కొత్తవి కావు. వెయ్యేళ్ల క్రితమే వీటిని పండితులు తమకు తాముగా వేసుకొని జవాబులు వెతికారు. మదరసాలో మేము ఈ విషయాన్ని చదివేటప్పుడు ముందు ఆక్షేపణనూ, తరువాత సమాధానాన్నీ చదువుతాము.

గొప్పదనం నుంచి అసాధ్యతకు వెళ్లే మెట్టు గురించి మొదట చెబుతాను. ధర్మశాస్త్రంలో ముఅజిజా (ప్రవక్త చూపే మహిమ) అనిపించుకోవాలంటే అసాధారణత ఒక్కటే చాలదు. ప్రవక్తనని చెప్పుకున్నవాడు దాన్ని రుజువుగా చూపాలి, ఎదుటివారిని సవాలు చేయాలి, వారు ఎదుర్కోలేకపోవాలి. మహాకవులెవరూ తమ కావ్యాన్ని దైవసాక్ష్యంగా నిలబెట్టి, చేతనైతే ఇలాంటిది తెమ్మని శత్రువులను పిలవలేదు. ఖుర్ఆన్ ఆ పని చేసింది, అది కూడా తనను ఓడించాలన్న బలమైన కోరిక ఉన్నవారి ముందే చేసింది. మక్కాలోని ఖురైష్ తెగవారు ప్రవక్త (స)ను ఎగతాళి చేశారు, ఆయన వంశాన్ని వెలివేశారు, యుద్ధాలు చేసి తమవారిని కోల్పోయారు. మూడు వాక్యాలతో ముగిసిపోయే మార్గం ఎదురుగా ఉండగా, తమకు పుట్టుకతో అబ్బిన విద్యను వదిలి ప్రాణాలకు తెగించే దారిని ఎందుకు ఎంచుకున్నారన్నదే బాఖిల్లానీ వంటివారి తర్కానికి వెన్నెముక. ఇందులో తీర్పు చెప్పినవారు తరువాతి భక్తులు కారు. నాటి విరోధులు తమ ప్రవర్తన ద్వారానే ఆ తీర్పు చెప్పారు. వ్యాకరణం క్రోడీకరించబడక పూర్వపు సంగతి ఇది కనుక, కొలబద్ద గురించిన ఆక్షేపణ వారికి వర్తించదు.

సమాచారం గెలిచినవారి ద్వారానే అందిందన్న మాటకు 1025లో మరణించిన ముఅతజిలీ (హేతువుకు ప్రాధాన్యమిచ్చిన ఇస్లామీ తాత్త్విక శాఖ) పండితుడు ఖాజీ అబ్దుల్ జబ్బార్ జవాబిచ్చాడు. ముస్లిమేతరులు, శత్రువులు ఏ కాలంలోనూ లేకుండా పోలేదనీ, గట్టి పోటీ రచన ఒకటి పుట్టి ఉంటే దాన్ని కాపాడుకోవలసిన అవసరం వారికి ఎంతో ఉన్నదనీ ఆయన వాదన. నిజానికి, తాను కూడా ప్రవక్తనని చెప్పుకున్న ముసైలిమా పలికాడని చెప్పే కప్ప గురించిన పంక్తులను ముస్లిం చరిత్రకారులే భద్రపరిచారు. అవి అతనివేనా అన్నది వేరే చర్చ.

ఇక అన్వేషి గారు అడిగిన సూక్ష్మమైన ప్రశ్న, శక్తి లేదా లేక అడ్డుపడిందా అన్నది. దీన్ని సర్ఫా వాదం అంటారు. 9వ శతాబ్దపు ముఅతజిలీ తాత్త్వికుడు నజ్జామ్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది. భాషాపరంగా చూస్తే అలాంటి రచన అరబ్బులకు సాధ్యమేననీ, ప్రయత్నించకుండా అల్లాహ్ వారిని మళ్లించాడనీ, ఆ మళ్లింపే మహిమ అనీ దాని సారాంశం. 1044లో మరణించిన షియా పండితుడు షరీఫ్ ముర్తజా కూడా ఈ వాదాన్ని సమర్థించాడు. ఎప్పుడూ నడవగలిగినవాడు ఒక నిర్ణీత క్షణంలో కాలు కదపలేకపోతే అది కూడా అద్భుతమే కదా అన్న తర్కం ఇందులో ఉన్నది. అయితే అత్యధిక పండితులు దీన్ని అంగీకరించలేదు. 998లో మరణించిన ఖత్తాబీ 17వ సూరా 88వ వాక్యాన్నే దీనికి ఎదురుగా నిలబెట్టాడు. అందరూ కూడి ఒకరికొకరు తోడ్పడినా తేలేరని అన్నప్పుడు, వారు ప్రయత్నించగలరనీ, శక్తులన్నీ కూడదీసుకోగలరనీ, అయినా ఓడిపోతారనీ అర్థం వస్తుంది. శక్తినే తీసివేసినట్లయితే వారిని కూడమనడంలో ఏ ప్రయోజనమూ లేదు. సర్ఫా వాదాన్ని ఒప్పుకుంటే మహిమ గ్రంథం నుంచి జారిపోయి గ్రంథం బయట జరిగిన ఒక సంఘటనకు చేరుతుందన్నది మరొక అభ్యంతరం. నాకు ఈ రెండవ అభ్యంతరం మరింత బలమైనదిగా తోస్తుంది. వాక్యాల్లో ఏ ప్రత్యేకతా లేకపోయినా సర్ఫా వాదం నిలుస్తుంది. అలాంటప్పుడు, ఈ గ్రంథం వారికి చాలదా అన్న ప్రశ్నకు బలం ఎక్కడిది?

అయితే ఆ కాలపు పండితులందరూ ఒకే దారిని పట్టుకొని మిగిలినవాటిని కాదన్నారని అనుకోకూడదు. 10వ శతాబ్దపు పండితుడు రుమ్మానీ ఇఅజాజ్‌కు ఏడు ముఖాలున్నాయని చెప్పి, వాక్పటిమతో పాటు సర్ఫానూ, భవిష్యద్వాణినీ కూడా వాటిలో చేర్చాడు. భవిష్యద్వాణికి సాధారణంగా చూపే ఉదాహరణ 30వ సూరా ఆరంభం. 614లో జెరూసలేం పర్షియన్ల వశమై రోమన్లు చితికిపోయిన కాలంలో, కొద్ది సంవత్సరాల్లోనే రోమన్లు తిరిగి గెలుస్తారని ఆ వాక్యాలు చెప్పాయి. హెరాక్లియస్ చక్రవర్తి 627లో నీనెవే దగ్గర పర్షియన్లను ఓడించాడు. అక్కడ వాడిన పదం మూడు నుంచి తొమ్మిది వరకు ఉన్న సంఖ్యను సూచిస్తుందనీ, తమ లెక్క ప్రకారం జోస్యం ఆ గడువులోనే ఫలించిందనీ వ్యాఖ్యాతలు అంటారు. ఇలాంటి వాక్యాలు ప్రతి సూరాలోనూ లేవు. సవాలు మాత్రం ఏ సూరానైనా ఉద్దేశించినది. అందువల్ల భవిష్యద్వాణిని ప్రధాన ఆధారంగా తీసుకోవడానికి చాలామంది సందేహించారు.

అన్వేషి

ఇంత ఓపికగా వివరించినందుకు మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. సర్ఫా గురించి నేను విన్నది ఒక్క వాక్యమే, దాని వెనుక ఇంత చర్చ ఉన్నదని ఇప్పుడే తెలిసింది. అయితే విజ్ఞానశాస్త్రం, సంఖ్యల సంగతిని ఎవరూ ముట్టుకోలేదు. నాకు కనిపించిన ఉపన్యాసాల్లో అత్యధికం వాటి చుట్టూనే తిరుగుతాయి. సంప్రదాయ పండితులు వాటిని ఎలా చూస్తారు? అరబీ రాని విశ్వాసి గురించిన నా ప్రశ్న కూడా ఇంకా మిగిలే ఉంది.

వ్యాఖ్యాన పాఠకురాలు

అన్వేషి గారూ, నేను ముస్లిమును, ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు చదవడం నాకు ఇష్టమైన పని. విజ్ఞానశాస్త్రపు మహిమల గురించి నా అభిప్రాయాన్ని దాచుకోకుండా చెబుతాను. ఈ వాదం ప్రచారంలో అతి పెద్దది, ఆధారంలో అతి బలహీనమైనది.

శాస్త్రాలన్నిటికీ మూలాలు ఖుర్ఆన్‌లో ఉన్నాయన్న ధోరణి 1111లో మరణించిన గజాలీ రచనల్లో కొంత కనిపిస్తుంది. దాన్ని భారీ వ్యాఖ్యానంగా విస్తరించినవాడు 1940లో మరణించిన ఈజిప్టు పండితుడు తంతావీ జౌహరీ. 1976లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ బుకాయ్ పుస్తకం వెలువడిన తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. పిండం ఎదిగే దశలను చెప్పే 23వ సూరా 12 నుంచి 14 వరకు ఉన్న వాక్యాలు, ఆకాశాన్ని విస్తరింపజేస్తున్నామనే 51వ సూరా 47వ వాక్యం, ఇనుమును దింపామనే 57వ సూరా 25వ వాక్యం ఇందులో ఎక్కువగా వినిపిస్తాయి.

చివరిదాన్నే తీసుకుందాం. ఇనుము నక్షత్రాల్లో పుట్టి భూమికి వచ్చిందన్న నేటి విజ్ఞానాన్ని ‘దింపాము’ అన్న క్రియ ముందే చెప్పిందని వాదిస్తారు. అదే క్రియను ఖుర్ఆన్ 39వ సూరా 6వ వాక్యంలో పశువుల విషయంలో వాడింది, మీ కోసం ఎనిమిది పశువులను జతలుగా దింపాడని. 7వ సూరా 26వ వాక్యంలో దుస్తుల విషయంలోనూ వాడింది. పశువులు ఆకాశం నుంచి పడ్డాయని ఎవరూ అనరు. అల్లాహ్ అనుగ్రహంగా ప్రసాదించాడన్నదే మూడు చోట్లా సహజంగా కుదిరే అర్థం. ఒక చోట మాత్రం అక్షరార్థాన్ని పట్టుకొని, మిగిలిన చోట్ల వదిలేయడం వ్యాఖ్యాన ధర్మం కాదు. పిండం గురించిన వాక్యాల ఉద్దేశం కూడా వాటి సందర్భంలోనే స్పష్టంగా ఉన్నది. ఇంత అల్పమైన దశల నుంచి మిమ్మల్ని తీర్చిదిద్దినవాడు మరణానంతరం మిమ్మల్ని తిరిగి లేపలేడా అని అవి మనిషిని అడుగుతున్నాయి. పిండదశల గురించిన చర్చ 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ రచనల్లోనే ఉన్నది కనుక, అది అప్పటికి ఎవరికీ తెలియని సంగతి అన్న వాదన కూడా నిలవదు.

ఈ ఆక్షేపణ బయటివారు చేసినది కాదు. 1388లో మరణించిన, స్పెయిన్‌లోని గ్రెనడాకు చెందిన పండితుడు షాతిబీ, ఖుర్ఆన్ మొదట ఎవరిని ఉద్దేశించిందో వారికి అందని శాస్త్రాలను దాని మీద మోపకూడదని స్పష్టంగా రాశాడు. 20వ శతాబ్దంలో ఈజిప్టు విద్వాంసుడు అమీన్ అల్ ఖూలీ, ఆయన శిష్యురాలూ జీవన సహచరీ అయిన ఆయిషా అబ్దుర్రహ్మాన్ ఇదే మాటను మళ్లీ గట్టిగా చెప్పారు. ఆమె బింతుష్షాతి అన్న కలం పేరుతో ప్రసిద్ధురాలు. శాస్త్ర సిద్ధాంతాలు సవరణకు గురవుతాయి. నేటి సిద్ధాంతానికి వాక్యాన్ని కట్టివేస్తే, రేపు ఆ సిద్ధాంతం మారినప్పుడు వాక్యం గతి ఏమిటన్నది నన్ను నిజంగా కలవరపెట్టే ప్రశ్న. వాదనకు మరొక లోపం కూడా ఉన్నది. విజ్ఞానమే మహిమ అయితే 7వ శతాబ్దపు శ్రోతకు ఆ మహిమ అందనే లేదు. కాని సవాలు ఎదుర్కొన్నవాడు ఆ శ్రోతే.

సంఖ్యల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ‘దినం’ అన్న పదం 365 సార్లు వస్తుందని చెప్పేవారు ఏకవచనాన్ని మాత్రమే లెక్కిస్తారు. ద్వివచనాన్నీ, బహువచనాన్నీ, కొన్ని సమాస రూపాలనూ విడిచిపెడతారు. కావలసిన మొత్తం వచ్చేలా రూపాలను ఎంచుకుంటే ఏ గ్రంథంలోనైనా ఇలాంటివి దొరుకుతాయి. అమెరికాలో స్థిరపడిన ఈజిప్టు జీవరసాయన శాస్త్రవేత్త రషాద్ ఖలీఫా 1974లో 19 అన్న సంఖ్య చుట్టూ ఒక పూర్తి సిద్ధాంతాన్నే నిర్మించాడు. తన లెక్కకు అడ్డువచ్చిన 9వ సూరాలోని చివరి రెండు వాక్యాలు ఖుర్ఆన్‌లోనివే కావని ప్రకటించే వరకు వెళ్లాడు. ముస్లిం లోకం దాన్ని తిరస్కరించింది. లెక్కను కాపాడడానికి గ్రంథాన్నే కత్తిరించవలసి వచ్చిందంటే, ఆ దారి ఎటు తీసుకుపోతుందో వేరే రుజువు అక్కరలేదు.

ధార్మిక విద్యార్థి

సోదరి చెప్పినదానితో ఏకీభవిస్తూ, మిగిలిపోయిన ప్రశ్నకు వస్తాను. అరబీ రానివాడు ఈ మహిమను స్వయంగా చూడలేడని బాఖిల్లానీ ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నాడు. అతడికి అనుమానప్రమాణమే (తెలిసినదాని నుంచి తర్కించి నిర్ధారించుకోవడమే) దారి అన్నాడు. ఆ మాటకొస్తే అరబ్బుల్లో కూడా భాషా మర్మాలు తెలియని సామాన్యుడి పరిస్థితి అదే. ఆ విద్యలో ఆరితేరినవారు చేతులెత్తేశారన్న సంగతి పరంపరగా, నిస్సందేహంగా అందింది కనుక, దాని మీద ఆధారపడి అతడు ఒక నిర్ణయానికి వస్తాడు. ఖుర్ఆన్‌లో దీనికి పోలిక ఉన్నది. మూసా చూపినది కనికట్టు కాదని ముందుగా గుర్తించి సాష్టాంగపడినవారు ఫిరౌను కొలువులోని మాంత్రికులే. చుట్టూ చేరిన జనానికి ఆ విద్య తెలియదు, కాని విద్య తెలిసినవారు ఏమి చేశారో వారి కళ్లముందే జరిగింది.

అనువాదానికి ఈ మహిమ లేదన్నది సర్వసాధారణంగా అంగీకరించిన మాట. అందుకే నమాజులో ఏ దేశంవాడైనా అరబీ వాక్యాలనే చదువుతాడు. ధర్మశాస్త్ర పండితుడు అబూ హనీఫా మొదట పారసీకంలో పఠనాన్ని అనుమతించారనీ, అరబీ పలకలేనివారికి మాత్రమే అని పరిమితం చేసిన తన శిష్యుల అభిప్రాయానికి తరువాత మళ్లారనీ చెబుతారు. మహిమ భావంలో ఉన్నదా, పదాల కూర్పులోనా, రెండింటిలోనా అన్న చర్చ ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్ర) గ్రంథాల్లోకి ఆ సందర్భంలోనే ప్రవేశించింది.

అయితే అరబీ రాని విశ్వాసికి అనుమానప్రమాణం ఒక్కటే మిగిలిందని నేను అనుకోను. ప్రజలు పట్టించుకోని ముఖం ఒకటున్నదంటూ ఖత్తాబీ చెప్పిన మాటను ఇక్కడ తలచుకోవాలి. ఖుర్ఆన్ హృదయాల మీద చేసే పని, వినేవాడిలో ఒకేసారి కలిగే మాధుర్యమూ భయమూ, అదీ ఇఅజాజ్‌లో భాగమేనని ఆయన అన్నాడు. తమ ప్రభువుకు భయపడేవారి చర్మం దీన్ని విని జలదరిస్తుందనీ, ఆపైన మెత్తబడుతుందనీ 39వ సూరా 23వ వాక్యం చెబుతుంది. అర్థం పూర్తిగా తెలియకపోయినా గ్రంథం మొత్తాన్ని కంఠస్థం చేసిన హాఫిజులు అరబీ మాతృభాష కాని దేశాలన్నిటిలోనూ ఉన్నారు. రమజాన్ రాత్రుల్లో తరావీహ్ నమాజులో వారి వెనుక నిలబడి వినేవారి అనుభవాన్ని నేను ఇతరులకు రుజువుగా చూపను. కాని విశ్వాసి తన నమ్మకాన్ని దేని మీద నిలుపుకుంటాడన్న మీ ప్రశ్నకు ఆ అనుభవాన్ని విడిచిపెట్టి జవాబు చెప్పలేను.

తర్కప్రియ

ఇన్ని విషయాలు తెలిపినందుకు ధన్యవాదాలు. విరోధుల ప్రవర్తనే తీర్పు అన్న వాదన నేను ఊహించినదానికంటే బలమైనదని ఒప్పుకుంటాను. కొలబద్ద గురించి నేను చెప్పినది నాటి ఖురైషీలకు వర్తించదన్నదీ నిజమే. నా భేదం ఇప్పటికీ ఒక చోట మిగిలి ఉన్నది. వారు సాహిత్యపు పోటీకి దిగకపోవడానికి అశక్తత ఒక్కటే కారణమని చెప్పడానికి, వేరే కారణాలేవీ లేవని కూడా చూపాలి. ఆ సవాలును వారు తగిన గంభీరతతో తీసుకోకపోయి ఉండవచ్చు, లేదా తమ తగాదా అధికారానికీ ఆచారాలకూ సంబంధించినదే కాని భాషకు సంబంధించినది కాదని భావించి ఉండవచ్చు. అబ్దుల్ జబ్బార్ దీని గురించి ఏమన్నాడో వీలైతే చెప్పండి.

ధార్మిక విద్యార్థి

తప్పకుండా. సంక్షిప్తంగా చెప్పాలంటే, వారు దాన్ని తేలికగా తీసుకోలేదనడానికి పండితులు ఖుర్ఆన్ నమోదు చేసిన వారి మాటలనే చూపుతారు. ఇది కవిత్వమన్నారు, జ్యోతిష్కుడి మాటలన్నారు, ఇంద్రజాలమన్నారు, పూర్వుల కథలన్నారు. 41వ సూరా 26వ వాక్యం ప్రకారం, ఈ ఖుర్ఆన్‌ను వినకండి, చదువుతుంటే అల్లరి చేయండి, బహుశా మీరే గెలుస్తారు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వినడానికే అడ్డుపడవలసిన అవసరం కలిగినవారికి ఆ మాటల బలం పట్టలేదని అనలేము. అయితే ఈ సాక్ష్యం కూడా ఖుర్ఆన్ నుంచే వస్తున్నదని మీరంటారు. దానికి మా పండితుల జవాబు ఏమిటంటే, ఆ వాక్యాలు ఆ విరోధులు బతికుండగానే వారి మధ్యనే బహిరంగంగా చదవబడ్డాయి, అవి అబద్ధమైతే కాదని చెప్పడం వారికి అతి సులువైన పని. అక్కడి నుంచి చర్చ చరిత్ర ఆధారాలను ఎలా తూచాలన్న ప్రశ్నకు మారుతుంది. దాన్ని విడిగా, తీరికగా మాట్లాడుకుందాం.